ఆడవాళ్ళ క్రిస్మస్

పోయిన జనవరి ఆరో తారీఖు సాయంత్రం మా అమ్మ ఒక సోఫాలో కూచుని పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఒంట్లో బావుండక కాదు. నడుం నొప్పీ కాదు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, ఆ చప్పుడు చేస్తున్నది తను కాదు. అదీ బాధ. డెబ్భై ఆరేళ్ళ జీవితంలో ఇలాంటి సంకటం ఆవిడకి ఎన్నడూ రాలేదు. రెండుసార్లు లేచింది. రెండుసార్లూ పక్కనున్న వియ్యపురాలు చెయ్యి పట్టుకుని మళ్ళీ కూచోబెట్టేసింది.

సంగతి మొదట్నించీ చెబితేగాని బోధపడదు.

మా తమ్ముడు 2006లో అమెరికా వెళ్ళాడు, అందరి తమ్ముళ్ళూ వెళ్ళినట్టే. రెండేళ్ళలో వచ్చేస్తానన్నాడు, అందరి తమ్ముళ్ళూ అన్నట్టే. బోస్టన్ దగ్గర ఉద్యోగం, ఆ ఉద్యోగంలో ఒక అమ్మాయి, ఆ అమ్మాయితో పెళ్ళి. మరదలు ఐరిష్ పిల్ల. అంటే ఐర్లండులో పుట్టిందని కాదు సుమండీ. ఆ పిల్లా, ఆ పిల్ల తల్లీ కూడా బోస్టన్లోనే పుట్టారు. అమ్మమ్మ మాత్రం పద్ధెనిమిదేళ్ళప్పుడు కెర్రీ అనే జిల్లా నించి ఓడెక్కి వచ్చిందిట. అయినా "మీరెవరు?" అంటే "ఐరిష్" అనే చెప్తారు. ఇందులో మనకి వింతేమీ లేదు. మూడు తరాలుగా మద్రాసులో కాపరం ఉంటూ "మాది ఒంగోలు దగ్గరండీ" అనేవాళ్ళు మా చుట్టాల్లోనే బోల్డుమంది ఉన్నారు.

పెళ్ళైన కొత్తలో అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆవిడ అనడం. నాన్న పోయాక నా దగ్గరే ఉంటోంది. మనవరాలు పుడితే ఫోనులో చూసుకుని మురిసింది. కానీ ఒకరోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండా, "ఆ పిల్ల ఎవరి పండగలు చేసుకుంటూ పెరుగుతుందే?" అంది. నా దగ్గర జవాబు లేదు. పిల్లకి ఆరేళ్ళొచ్చాయి. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే ఒకసారి చూసొద్దామని పోయిన డిసెంబర్లో నేనే అమ్మని బయల్దేరదీశాను.

వెళ్ళిన రెండోరోజు రాత్రి అందరూ పడుకున్నాక మరదలూ నేనూ వంటింట్లో కూచున్నాం. తమ్ముడు నేర్పినట్టున్నాడు, నన్ను శుభ్రంగా "వదినా" అని పిలుస్తుంది.

"వదినా, మీ తమ్ముడు వినాయకచవితికి పిల్లని పక్కన కూచోబెట్టుకుని ఆకుల పేర్లన్నీ చెప్తాడు" అంది. (వాడు చెప్పే పేర్లలో సగం తప్పులే అయివుంటాయి, అది వేరే సంగతి.) "దీపావళికి దివ్వెలు కొట్టిస్తాడు. అదంతా చూస్తూ కూచుంటే నాకు సిగ్గేసింది. నా తరఫున పిల్లకి ఇవ్వడానికి నాదగ్గరేముంది? ఒక ఆకుపచ్చ టోపీ!"

ఆకుపచ్చ టోపీ అంటే సెయింట్ పాట్రిక్ పండగ. మార్చి 17న బోస్టన్ అంతా ఆకుపచ్చ మయం. షికాగోలోనయితే 1962 నించీ ఏకంగా నదికే ఆకుపచ్చ రంగు కలుపుతున్నారు. ఆ రోజు గొప్ప ఐరిష్ భోజనమని చెప్పుకుని ఉప్పులో ఊరేసిన గొడ్డుమాంసం, కాబేజీ తింటారు. తీరా చూస్తే అది ఐర్లండులో పండగ వంటే కాదుట. అక్కడి పేదవాళ్ళు కాబేజీతో వండుకునేది పందిమాంసం. న్యూయార్కు చేరాక, యూదుల కసాయి దుకాణాల్లో ఈ మాంసం చవగ్గా దొరికితే దాన్ని పట్టుకున్నారు. ఐర్లండులో ఆ పండగంటే చర్చికి వెళ్ళడం, కోటుకి మూడాకుల షామ్రాక్ రెబ్బ ఒకటి గుచ్చుకోవడం. చాలా ఏళ్ళపాటు ఆ రోజున అక్కడ సారాకొట్లు చట్టప్రకారం మూసేసేవారుట కూడానూ. పరదేశంలో పండగకి గొంతు పెద్దదవుతుంది కాబోలు. మనవాళ్ళు అక్కడ హాళ్ళు అద్దెకి తీసుకుని చేసే ఉగాదులు చూశాక నాకు ఆ అనుమానం బలపడింది.

మరదలు వాళ్ళమ్మ దగ్గర కూచుని, "అమ్మమ్మ ఏం చేసేది? చెప్పు" అని ప్రాణం తీసిందిట. "అవన్నీ ఈ దేశంలో ఎందుకని మానేశామే" అందిట ఆవిడ మొదట్లో. తర్వాత ఒక్కొక్కటే పైకొచ్చాయి. హాలోవీన్ నాడు ఎండుద్రాక్ష రొట్టెలో ఉంగరం దాచి కాల్చడం, అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఆ ఏడు పెళ్ళి. ఫిబ్రవరి ఒకటిన సెయింట్ బ్రిజిడ్ పేరు మీద జమ్ముతో శిలువ అల్లి గుమ్మానికి కట్టడం. (ఐర్లండు ప్రభుత్వం 2023 నించీ ఆ పండక్కి సెలవిస్తోంది. ఆడమనిషి పేరుమీద అక్కడ ఇచ్చిన మొదటి సెలవు అదేనట.) డిసెంబరు 26న మొగపిల్లలు గడ్డితో వేషాలు కట్టుకుని డప్పులు, పిల్లనగ్రోవులతో ఇంటింటికీ తిరిగి డబ్బులడగడం. పూర్వం రెన్ అనే బుల్లి పిట్టని నిజంగానే కొట్టి కర్రకి కట్టి తిప్పేవారుట, ఇప్పుడు బొమ్మ పిట్టే. వియ్యంకుడుగారు ఎనభయ్యో పడిలో పడ్డా ఆ వేషం నడక నడిచి చూపించారు. అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, "మన గంగిరెద్దులవాళ్ళే" అని తేల్చేసింది.

కానీ నేను చెప్పదలుచుకున్నవి రెండే రోజుల సంగతులు.

మొదటిది డిసెంబర్ 24 రాత్రి. బయట మోకాలెత్తు మంచు. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేశారు. వీధివైపు కిటికీలో జానెడు పొడుగు లావుపాటి తెల్ల కొవ్వొత్తి. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు దాన్ని వెలిగించాలిట. మా మేనకోడలు నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, వాళ్ళమ్మ చెయ్యి ఆసరాగా పట్టుకోగా వెలిగించింది.

"చిన్నపిల్ల చేత దీపం పెట్టిస్తారూ!" అంది అమ్మ. ఆ గడ్డ మీద కాలుపెట్టాక ఆవిడ మెచ్చుకోలుగా అన్న మొదటి మాట అదే. "ఎందుకు పెడతారో అడుగు."

అడిగాను. నిండు చూలాలు మేరీనీ, జోసెఫ్‌నీ ఆ రాత్రి ఎవరూ ఇంట్లోకి రానివ్వలేదు గదా, వాళ్ళు ఇటుగా వస్తే ఈ ఇంట్లో చోటుందని తెలియడానికిట. ఏ దిక్కులేని బాటసారి వచ్చినా అంతేట. పూర్వం ఆ రాత్రి తలుపు గడియ కూడా పెట్టేవారు కాదుట.

అక్కడితో ఆగితే అది ఒక పండగ ముచ్చటగా ఉండిపోయేది. వియ్యపురాలు మెల్లిగా ఇంకో మాట చెప్పింది. వాళ్ళమ్మ పుట్టిన ఊళ్ళో ఆ దీపానికి ఇంకో అర్థం కూడా ఉండేదిట.

1845లో అక్కడ బంగాళాదుంప చేలకి తెగులు పట్టింది. బీదవాళ్ళకి అదే అన్నం, అదే కూర. ఏడేళ్ళ కరువు. సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు, ఇంచుమించు అంతమందీ ఓడలెక్కి దేశం విడిచారు. కరువు తీరినా ఓడలెక్కడం మాత్రం ఆగలేదు, తరాల తరబడి. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం కల్ల. అంచేత ప్రయాణానికి ముందురాత్రి ఇంట్లో ఒక తంతు జరిగేది. దాన్ని 'అమెరికన్ వేక్' అనేవారు. వేక్ అంటే శవజాగరణ. బతికున్న పిల్లకి, పెట్టె సర్దుకుని కూచున్న పిల్లకి, ఊరంతా చేరి తెల్లవార్లూ జాగారం చేసేవారన్నమాట. ఫిడేలు వాయించి, ఆడి, పాడి, ఏడ్చి, పొద్దున్నే రోడ్డు మలుపు దాకా సాగనంపి వచ్చేవారు. "మా అమ్మకీ చేశారు. తను మళ్ళీ వెళ్ళలేదు. మా అమ్మమ్మ పోయేదాకా ఏటేటా కిటికీలో కొవ్వొత్తి పెట్టేదని ఉత్తరాల్లో రాసేవారు" అంది.

మరదలు అందుకుని, ఐర్లండుకి మొట్టమొదటి మహిళా అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ 1990లో ఎన్నికయ్యాక తన అధికార నివాసంలో కిటికీ దగ్గర ఒక దీపం పెట్టించిందని, దేశంకాని దేశాల్లో ఉన్న తనవాళ్ళందరికోసం అది వెలుగుతూ ఉండాలందని చెప్పింది.

ఇదంతా నేను తెలుగులో అమ్మకి చెబుతున్నాను. ఆవిడ కొవ్వొత్తి వంకే చూస్తోంది. చివరికి, "మనమేం చేశాం? బేగంపేట ఎయిర్‌పోర్టుకెళ్ళి టాటా చెప్పొచ్చాం" అంది.

కాసేపాగి, "మన వరండాలో లైటు గుర్తుందా?" అంది.

గుర్తులేకేం! అమ్మానాన్నల ఇంట్లో రాత్రంతా వరండా లైటు వెలుగుతూనే ఉండేది. "కరెంటు బిల్లు మీ పుట్టింటివాళ్ళు కడతారా?" అని నాన్న రోజూ విసుక్కునేవారు. దొంగల భయమని అమ్మ బుకాయించేది. ఆ లైటు ఎప్పటినించి మొదలయిందో నేనెన్నడూ లెక్క వేసుకోలేదు. నవలలు రాస్తాను, మనుషుల మనసుల్లోకి తొంగి చూస్తానని పేరు. మా ఇంటి వరండాలో లైటెందుకో నాకు తెలియదు!

"ఆవిడతో చెప్పు" అంది అమ్మ. "మా ఇంట్లోనూ పెట్టేదాన్నని చెప్పు. కొవ్వొత్తి కాదు, అరవై క్యాండిళ్ళ బల్బు."

చెప్పాను. వియ్యపురాలు లేచొచ్చి అమ్మ పక్కన కూచుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవడానికి భాషా లేదు. మంచినీళ్ళు తాగొస్తానని వంటింట్లోకెళ్ళిన మా తమ్ముడు చాలాసేపటిదాకా రాలేదు.

ఆ మర్నాటినించీ ఇద్దరు వియ్యపురాళ్ళూ ఒకటయిపోయారు. ఆవిడ మా అమ్మకోసం సోడా రొట్టె చేసింది. పిండి, ఉప్పు, వంటసోడా, మజ్జిగ. అంతే, గుడ్డు లేదు. మజ్జిగ పోసి రొట్టె చేస్తారని తెలిసి అమ్మ హడావిడి చూడాలి! తను తోడుపెట్టిన పెరుగు చిలికి, పుల్లటి మజ్జిగ గిన్నెడు పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ రుచి చూసి, కళ్ళు మూసుకుని, కొట్లో దొరికేది దీనిముందు దేనికీ పనికిరాదంది. రొట్టె పైన కత్తితో శిలువ గీస్తారు. దెయ్యాలు పోవడానికని పెద్దలంటారు. లోపలిదాకా ఉడకడానికని మరదలంటుంది. నాకు రెండూ సబబుగానే తోచాయి.

ఇక రెండో రోజు, జనవరి 6. క్రిస్మస్ పన్నెండు రోజుల పండగలో ఆఖరిది. ఐరిష్ భాషలో దాని పేరు 'నొల్లిగ్ నా మాన్'. అమ్మ నోట్లో అది నల్లమాన్యం అయికూచుంది. ఆడవాళ్ళ క్రిస్మస్ అని అర్థం. డిసెంబరు 25 మొగవాళ్ళదిట, మాంసమూ, విస్కీ. దానికి వండి, వార్చి, కడిగి అలిసిపోయిన ఆడవాళ్ళకి ఈ రోజు. ఈ రోజు ఆడవాళ్ళు వంటింటి గడప తొక్కకూడదు. టీ, కేకు పెట్టుకుని, ఇరుగమ్మా పొరుగమ్మా చేరి కబుర్లు చెప్పుకోవాలి. ఇల్లూ, పిల్లలూ, గిన్నెలూ మొగవాళ్ళ పూచీ. కార్క్, కెర్రీ జిల్లాల్లో ఎక్కువ చేసేవారు. మధ్యలో వెనకబడింది గాని ఈమధ్య మళ్ళీ ఊపందుకుంది.

బి.ఏ.లో చదివిన జేమ్స్ జాయిస్ 'ది డెడ్' కథ గుర్తొచ్చింది నాకు. అందులో ముసలి అక్కచెల్లెళ్ళిద్దరు ఇచ్చే విందు సరిగ్గా ఈ రోజుల్లోదే అంటారు పండితులు. పరీక్షకి ఆ కథలో మంచు గురించి నాలుగు పేజీలు రాశాను. కథ మొదట్లోనే లిలీ అనే పనిపిల్ల వచ్చేవాళ్ళ కోట్లు అందుకుంటూ కాళ్ళరిగేలా తిరుగుతూ ఉంటుంది. ఆ పిల్ల గురించి ఒక్క ముక్క రాయలేదు. మరదలి అమ్మమ్మ కూడా లిలీ లాంటిదే. ఐర్లండు నించి ఒంటరిగా వచ్చిన ఆడపిల్లల్లో చాలామంది పెద్దింటి వంటగదుల్లోనే చేరారు. ఈవిడా బోస్టన్లో ఒక ధనవంతుల ఇంట్లో వంటమనిషి. పెళ్ళై సొంత ఇల్లేర్పడ్డ మొదటి ఏడాదే జనవరి ఆరున ఏప్రాన్ విప్పి మొగుడి చేతికిచ్చి కుర్చీలో కూచుందిట.

నా నోరు ఊరుకోదు గదా! "ఏడాదికి ఒక్కరోజు కూచోబెట్టి, మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ చాకిరీ చేయించుకోవడం మొగవాళ్ళకి మంచి బేరమే" అన్నాను.

వియ్యపురాలు నవ్వింది. "ఒక్కరోజయినా చేస్తే ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలుస్తుందమ్మా" అంది.

ఆ సాయంత్రం ఎనిమిదిమంది ఆడవాళ్ళం చేరాం. లోపల తమ్ముడు, వాడి బావమరుదులిద్దరు. వియ్యంకుడుగారు మూల కూచుని దుంపల తొక్కు తీస్తున్నారు. ఉడకబెట్టి మెదిపిన దుంపల్లో కాబేజీ, పాలు, వెన్న కలిపితే దాని పేరు కోల్కానన్. అమ్మకోసమని తమ్ముడు ఉప్మా మొదలెట్టాడు. వాడు తాలింపు వేశాడో లేదో, ఇంట్లో పొగ గంట గొల్లుమంది! అమ్మ మూడోసారి లేచింది. వియ్యపురాలు మళ్ళీ చెయ్యి పట్టుకుంది. "ఇల్లు తగలబడుతున్నా లేవకూడదా?" అంది అమ్మ. దాన్ని ఇంగ్లీషులో చెబితే ఎనిమిదిమందీ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు.

వాళ్ళలో ఒకావిడ మీది ఏ ఊరని అడిగింది. అమ్మ మదనపల్లి అని చెప్పి, ఉన్నట్టుండి నావైపు తిరిగి, "మా నాన్న చదువుకున్న కాలేజీలో ఐర్లండు దొరసాని ఉండేదని చెప్పేవారు, ఆవిడ సంగతి చెప్పు" అంది. నాకే తట్టలేదు! మార్గరెట్ కజిన్స్. రాస్‌కామన్ జిల్లా పిల్ల, డబ్లిన్లో సంగీతం చదివింది. ఆడవాళ్ళ ఓటుకోసం లండన్లోనూ, ఐర్లండులోనూ జైలుకెళ్ళింది. భర్త మదనపల్లిలో పనిచేస్తుంటే అక్కడుంది. 1919లో ఠాగూరు ఆ కాలేజీకి వచ్చి జనగణమన పాడితే స్వరాలు రాసింది ఆవిడే. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడం వెనకా ఆవిడ ఉంది. 1932లో మనకోసం ఇక్కడా జైలుకెళ్ళింది. అదంతా చెప్పేసరికి వియ్యపురాలు అమ్మ భుజం తట్టి, "అయితే మీరు మాకు పాత చుట్టాలే" అంది. అమ్మ ఠీవిగా తలాడించింది, జనగణమనకి స్వరాలు తనే రాసినట్టు.

అప్పుడు తమ్ముడు పళ్ళెం తెచ్చాడు. ఒకవైపు ఉప్మా, ఒకవైపు కోల్కానన్ ముద్ద, నడిమధ్య గుంటలో కరిగిన వెన్న. అందరికంటే ముందు అమ్మ చేతికిచ్చాడు.

అమ్మ ఆ పళ్ళెం పట్టుకుని కూచుండిపోయింది. మా ఇంట్లో అమ్మ అందరితో కలిసి తినగా నేను చూడలేదు. అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలిందేదో వంటింట్లో పీటమీద కూచుని తినేది. నాన్న చెడ్డవారేం కాదు. ఆవిడ తిందో లేదో అడగాలని ఆయనకి తోచలేదు, అంతే. మాకు మాత్రం తోచిందా?

"తినమ్మా, చల్లారిపోతుంది" అన్నాడు తమ్ముడు. నలభై రెండేళ్ళవాడు, ముక్కుమీద పిండి.

అమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. "ఉప్పు తక్కువైందిరా" అంది. అని, పళ్ళెం ఖాళీ చేసి, "ఇంకాస్త పెట్టు" అంది. మా అమ్మ మారు అడగడం నేను వినడం అదే మొదలు.

జనవరి పదిన వచ్చేశాం. వెంటనే సంక్రాంతి. భోగికీ పండక్కీ ఎప్పటిలాగే నేనూ అమ్మా పొయ్యి దగ్గరే. కనుమ నాడు గారెలయ్యాక ఇద్దరం హాల్లో చతికిలబడ్డాం. నాలుగయింది. మా ఆయన పేపరు చాటునించి గొంతు సవరించుకున్నారు. మా ఇంట్లో దానికి అర్థం కాఫీ. నేను లేవబోయాను. అమ్మ టక్కున నా చెయ్యి పట్టుకుంది, అచ్చం బోస్టన్ వియ్యపురాలిలాగే.

"కూచో" అంది. "ఇవాళ నల్లమాన్యం."

అల్లుడిముందు ఎప్పుడూ గొంతెత్తని మనిషి! మా ఆయన పేపరు దించి చూశారు. అమ్మ గోడమీద క్యాలెండరుకేసి చూస్తోంది. రెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. తర్వాత ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు దానిమీద పెట్టి, లోపలికెళ్ళారు. డబ్బాల మూతలు తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు. ఒక మూత కింద పడి దొర్లుకుంటూ పోయిన చప్పుడు.

"ఏమోయ్! పంచదార ఎక్కడుంది?"

నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి ఇంకాస్త గట్టిగా నొక్కింది.